చెవి పోటుకు చుక్కలు మేలా, మాత్రలు మేలా?

పిల్లలు వేసవి సెలవుల్లో బావుల్లోనూ కాలువల్లోనూ ఈతలు మొదలుపెట్టింది మొదలు వానాకాలం ముగిసేదాకా పాఠకులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: చెవి పోటుకు చుక్కల మందు వాడాలా, యాంటీబయాటిక్ మాత్రలు వేసుకోవాలా? అడిగే తీరులోనే చాలామంది మొగ్గు ఎటువైపో తెలిసిపోతుంది. చుక్కలు పైపై మందనీ, మాత్ర ఒంట్లోకి దిగి పనిచేసే గట్టి మందనీ వారి నమ్మకం. వెలుపలి చెవి ఇన్ఫెక్షన్ విషయంలో సంగతి సరిగ్గా తలకిందులు.

రంధ్రం నుంచి కర్ణభేరి వరకు, పెద్దవారిలో సుమారు 2.5 సెంటీమీటర్లు ఉండే గొట్టంలో వచ్చే జబ్బు గురించే ఇక్కడ చెబుతున్నాను. చెవి డొప్పను లాగినా, రంధ్రానికి ముందున్న చిన్న బొడిపెను నొక్కినా ప్రాణం లాగేసినట్లుంటే అది చాలావరకు ఇదే. జలుబు చేశాక కర్ణభేరి వెనుక చీము పట్టే జబ్బు వేరు, దాని వైద్యమూ వేరు.

నా దృష్టిలో ఈ తగవును తేల్చేది ఒక్కటే: రోగం ఉన్న చోటికి మందు ఎంత చేరుతోంది? 500 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర మింగితే అది ఒళ్లంతా పంచుకుపోయి, రక్తంలో మిల్లీలీటరుకు గరిష్ఠంగా 2 నుంచి 3 మైక్రోగ్రాములు తేలుతుంది. అదే మందు 0.3 శాతం చుక్కల సీసాలో మిల్లీలీటరుకు 3,000 మైక్రోగ్రాములు ఉంటుంది, అంటే దాదాపు వెయ్యి రెట్లు. పైగా ఈ జబ్బుకు తరచుగా కారణమయ్యే సూడోమోనాస్ అనే మొండి బాక్టీరియా మీద, చెవి పోటనగానే మందుల దుకాణంలో చేతిలో పెట్టే అమాక్సిసిలిన్ అసలు పనిచేయదు. ఐదు రోజులు దాన్ని మింగి, విరేచనాలు తెచ్చుకుని, పోటు మాత్రం పోటుగానే ఉండగా వచ్చేవారు తక్కువేమీ కాదు. అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల అకాడమీ 2014లో సవరించిన మార్గదర్శకాలు కూడా జబ్బు గొట్టం దాటి పాకనంతవరకు మొదటి వైద్యం చుక్కలేనంటాయి.

చుక్కలకున్న లోపం ఒక్కటే అయినా చిన్నది కాదు: దారి మూసుకుపోతే అవి లోపలికి వెళ్లవు. గుబిలి, చీము, ఊడిన చర్మపు పొరలు నిండిన చెవిలో ఎన్ని పోసినా పైనే నిలిచిపోతాయి. కాబట్టి డాక్టరు చేత చెవి శుభ్రం చేయించుకోవడం మందంత ముఖ్యం; ఆ పని అగ్గిపుల్లకో, కోడి ఈకకో అప్పగిస్తే ఉన్న పుండు రేగుతుంది. వాపుతో రంధ్రమే పూడుకుపోతే డాక్టరు సన్నని వత్తిని జొనుపుతారు, దాని మీద వేసిన మందును అది పీల్చుకుని చివరిదాకా చేరవేస్తుంది. వేసే పద్ధతి కూడా ముఖ్యమే. చల్లటి చుక్కలు పడితే తల తిరుగుతుంది కనుక సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుని, పక్కకు తిరిగి పడుకుని, చుక్కలు వేశాక ఆ బొడిపెను మెల్లగా నాలుగైదుసార్లు నొక్కి, 3 నుంచి 5 నిమిషాలు కదలకుండా ఉండాలి. వేసిన మరుక్షణమే లేచి కూర్చుంటే మందు మెడ మీదికి కారుతుంది.

చుక్కలన్నీ ఒకటి కావు. నొప్పి కంటే దురద ఎక్కువై, లోపల తడిసిన కాగితం ముక్క మీద నల్లచుక్కలు పడ్డట్టు కనిపిస్తే అది బూజు. ఉక్కపోత ఎక్కువగా ఉండే మన కోస్తాలో అరుదేమీ కాదు. దానికి క్లోట్రిమజోల్ చుక్కలు కావాలి. యాంటీబయాటిక్ చుక్కలు పోస్తూపోతే బాక్టీరియా చచ్చి బూజుకు అడ్డు లేకుండా పోతుంది. కర్ణభేరికి చిల్లు ఉందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా, లోపలి చెవికి హాని చేయగల జెంటమైసిన్, నియోమైసిన్‌లను పక్కనపెట్టి సిప్రోఫ్లాక్సాసిన్ లేదా ఓఫ్లాక్సాసిన్‌నే ఎంచుకోవాలంటాను.

వెల్లుల్లి వేసి కాచిన నూనె వద్దు. ఎసిటిక్ ఆమ్లం చుక్కలు స్వల్పమైన ఇన్ఫెక్షన్‌కు పనికొస్తాయి, అదీ కర్ణభేరి చక్కగా ఉందని తేలాకే.

మాత్రలకు చోటు లేదని కాదు. ఎరుపు, వాపు డొప్పకో, ముఖానికో, మెడకో పాకినప్పుడు చుక్కలతో పాటు అవీ కావాలి. మధుమేహం ఉన్న పెద్దవయసువారిలోనైతే జబ్బు పుర్రె అడుగు ఎముకలోకి పాకవచ్చు. రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని పోటు, మూతి ఒకవైపు వంకరపోవడం దాని గుర్తులు. అప్పుడు సూడోమోనాస్ మీద పనిచేసే మందులు వారాల తరబడి, తరచుగా ఆస్పత్రిలోనే సూది ద్వారా ఎక్కించాల్సి వస్తుంది. మిగిలినవారికి చుక్కలు మొదలుపెట్టిన 2, 3 రోజుల్లో పోటు తగ్గుముఖం పట్టాలి, అప్పటిదాకా పారాసిటమాల్ వాడుకోవచ్చు, చెవిలో నీరు పడకూడదు. అప్పటికీ తగ్గకపోతే మాత్ర జోడించే ముందు చెవిని మరోసారి చూపించుకోవాలి. చాలాసార్లు దారి మూసుకుపోయి ఉంటుంది, లేదా లోపలున్నది బూజై ఉంటుంది.