విష్ణుక్రాంత: ఐదేళ్లు పెంచాక నా మాట

నేల మీద పాకుతూ చిన్న నీలం పూలు పూసే విష్ణుక్రాంత కోసం నేను తంటాలు మొదలుపెట్టి ఐదేళ్లు. అందులో మొదటి రెండేళ్లు దండగే. ఒక ఏడాది నర్సరీ పుణ్యం, ఇంకోటి నా తొందరపాటు.

నర్సరీలో పేరు చెప్పి అడిగితే కుండీ నిండా గుబురుగా ఉన్న మొక్క చేతిలో పెట్టారు. పువ్వు బొటనవేలి గోరు కన్నా పెద్దది, మంచి నీలం. అది బ్రెజిల్ వైపు నుంచి వచ్చిన చుట్టం, ఎవాల్వులస్ గ్లోమెరేటస్. చూడచక్కని మొక్కే, తిట్టడానికేం లేదు. కాకపోతే నాలుగు రోజులు నీళ్లు పోయకపోతే తల వేలాడేసింది. బీడు నేలల్లో మనం చూడకుండా తొక్కుకుంటూ పోయే అసలు విష్ణుక్రాంత ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. దాని పువ్వు చొక్కా గుండీ కన్నా చిన్నది. కొనేముందు పువ్వు సైజు చూడండి, చాలు.

రెండో ఏడు బీడులోంచి ఆరు మొక్కలు తవ్వి తెచ్చాను. పైన జానెడు తీగలే కదా అనుకున్నా. కింద తల్లివేరు పుల్లలా గట్టిపడి నిటారుగా దిగి ఉంది. పలుగు వేసేసరికి టక్కుమని తెగింది. ఆరూ వారం తిరక్కుండా ఎండిపోయాయి. కరువుకు తట్టుకునే బలమంతా ఆ వేరులోనే ఉంటే, నేను దాన్ని నేలలోనే వదిలేసి ఆకులు మోసుకొచ్చానన్నమాట.

దారికొచ్చింది గింజలతోనే. కాయ మిరియం కన్నా చిన్నది, లోపల మహా అయితే నాలుగు గింజలు. పెంకు గట్టిది, ఊరికే చల్లితే నెలల తరబడి ఉలకదు పలకదు. రెండు ఉప్పు కాగితాల మధ్య పెట్టి మెల్లగా రుద్ది రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నకి ఉబ్బినవాటిని విత్తి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దాను. నారు పోసి మార్చే పని పెట్టుకోలేదు, ఎక్కడ పెరగాలో అక్కడే వేశాను.

గులకరాళ్లు కలిసిన ఎర్రమట్టి, పొద్దంతా ఎండ. అంతకుమించి ఏమీ అడగలేదు. ఓ మూల మాత్రం మనసాగక పశువుల ఎరువు వేశాను. అక్కడ ఆకులు బలిశాయి, పూలు లేవు. వానల్లో ఆ మూలే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లాయి. మొలిచిన కొత్తలో రెండు నెలలు తడిపాను, ఆ తర్వాత వాననీళ్లే. మొదటి ఎండాకాలం తీగలన్నీ గడ్డిపరకల్లా ఎండితే చచ్చిందనుకుని పీకబోయాను. వేరు కదల్లేదు, విసుగొచ్చి వదిలేశాను. తొలకరి పడ్డాక అదే మొదట్లోంచి పచ్చగా చిగురేసింది.

పువ్వు సంగతి. దారమంత కాడ మీద, గిన్నెలా కూడా కాదు, దాదాపు బల్లపరుపుగా విచ్చుకుంటుంది. దగ్గరికి వంగి చూస్తే మధ్యలో పుప్పొడిని అందుకునే సన్నటి తెల్లటి కీలాగ్రాలు, ఆకు నిండా పట్టులాంటి నూగు. పొద్దెక్కేసరికి నేలంతా నీలం చుక్కలు, చిన్న తేనెటీగల సందడి. మధ్యాహ్నానికి అన్నీ ముడుచుకుంటాయి, విచ్చిన పువ్వు మర్నాటికి ఉండదు. సాయంత్రం తోట చూడటానికి వచ్చినవాళ్లకు నేను గడ్డి చూపిస్తున్నట్టే ఉంటుంది. పొద్దున తొమ్మిదికల్లా ఇల్లు వదిలి చీకటి పడ్డాక వచ్చేవాళ్లయితే దీని జోలికి పోకండి.

నన్ను నిజంగా విసిగించింది గరిక. విష్ణుక్రాంత ఎత్తు పెరగదు, దేన్నీ చుట్టుకుని ఎక్కదు. ఎవాల్వులస్ అన్న పేరుకు అర్థమే చుట్ట విప్పుకున్నదని. గరిక ఒక్క వానకాలం చాలు, దీన్ని మింగేయడానికి. గొంతుక్కూర్చుని చేత్తో ఏరాల్సిందే, పార పెడితే రెండూ పోతాయి. నీడలోనూ రాదు. కుండీలో పెట్టాలంటే లోతైనది కావాలి, వెడల్పుతో పనిలేదు.

మందుగా వాడొచ్చా అని అడిగేవాళ్లు చాలామంది. దీన్ని శంఖపుష్పి అని కూడా అంటారు, కానీ ఆ ఒక్క పేరుతోనే మూడు నాలుగు వేరువేరు మొక్కలు చలామణి అవుతున్నాయి. నేను పువ్వు కోసమే పెంచుతున్నాను, మందు సంగతి వైద్యులనే అడగండి.

ఈ ఏడాది నేను విత్తని చోట, నడకదారి రాళ్ల సందుల్లో మూడు మొలిచాయి. నేను వేసినవాటి కన్నా అవే ఎక్కువ పూస్తున్నాయి.