ఎండను బట్టి నడుచుకుంటూ మస్కట్‌లో ఆరు రోజులు

"మే నెలలో ఎవరైనా మస్కట్ వెళ్తారా? కావలి ఎండ చాలలేదా మీకు?" అని మా అత్తగారు అడిగారు. మా ఇద్దరివీ బడి ఉద్యోగాలే. వేసవి సెలవుల్లో తప్ప ఆరు రోజులు వరసగా దొరకవు. రోహిణి కార్తె వడగాడ్పుల్లో పెరిగినవాళ్లం, ఎండకు జంకి ఇంట్లో కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఒమన్ దేశ రాజధాని మస్కట్‌కు వెళ్లి వచ్చాను కాబట్టి చెబుతున్నాను. అక్కడి ఎండ ఓర్చుకోలేనిదేమీ కాదు. తెల్లవారుజామున బయలుదేరి, పదకొండు గంటలకు నీడకు చేరి, నాలుగు దాటాక మళ్లీ బయటికి రావాలి. మన పల్లెల్లో వ్యవసాయం చేసేవాళ్లు వేసవిలో చేసేది అదే. అలా నడుచుకున్న రోజులన్నీ హాయిగా గడిచాయి. ఒక్క రోజు మాట తప్పాం, ఆ రోజే ఇబ్బంది పడ్డాం.

కావలి నుంచి చెన్నై విమానాశ్రయానికి దాదాపు 230 కిలోమీటర్లు. అక్కడి నుంచి మస్కట్‌కు నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల ప్రయాణం. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర వెనక. మంగళవారం రాత్రి దిగి, మర్నాడు పొద్దున కారు తీసుకున్నాం. మా వారు ముందుగానే ఇక్కడి రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నారు. అది ఏడాది చెల్లుతుంది. కారు అద్దె రోజుకు పన్నెండు రియాళ్లు. అప్పట్లో రియాల్ మన 220 రూపాయల దాకా ఉంది. పెట్రోలు లీటరు పావు రియాల్ లోపే, అంటే యాభై రూపాయల చిల్లర. ఇద్దరే వెళ్లేవాళ్లకు టాక్సీలకంటే కారే నయం, ఆ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

నడపడం గురించి ఒక మాట. అక్కడ రోడ్డుకు కుడివైపున వెళ్లాలి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. దానికి మా వారు రెండు గంటల్లో అలవాటు పడ్డారు. కష్టమనిపించింది రోడ్ల కూడళ్లలోని గుండ్రటి మలుపులే. అప్పటికే లోపల తిరుగుతున్న బండికి దారి వదిలి, సందు దొరికాకే దూరాలి. మన దగ్గర హారన్ కొట్టినవాడిదే దారి కదా. అక్కడ ఆరు రోజుల్లో హారన్ మోత విన్నది రెండు మూడు సార్లే. నేను పక్కన కూర్చుని "ఏమండీ, ఆగండి, ఇంకో బండి వస్తోంది" అని చెబుతూ ఉన్నాను. కొత్తవాళ్లకు పక్కన ఒక మనిషి ఇలా చూసి చెప్పడం చాలా అవసరం.

మొదటి రెండు రాత్రులు రువీలో బస. మనవాళ్ల భోజనశాలలు, కిరాణా కొట్లు ఎక్కువగా ఉండే పేట అది. తిండికి బెంగ లేదు. గది మాత్రం నాకు నచ్చలేదు. రాత్రి ఒంటిగంటకు ఏసీ ఆగిపోయింది. కింద బల్ల దగ్గర ఉన్న అబ్బాయి పొద్దున చూద్దామన్నాడు. మేం ఒప్పుకోలేదు, పట్టుబట్టి గది మార్పించుకున్నాం. మే నెలలో వెళ్లేవాళ్లు గది తీసుకునే ముందు ఏసీని పావుగంట నడిపించి చూడండి. కిటికీ ఏ దిక్కుకు ఉందో కూడా చూడండి, పడమటి కిటికీ అయితే వద్దనండి.

ఆ పేటలోనే ఒక హోటల్లో వడ్డించే కుర్రాడు మా మాట విని దగ్గరికి వచ్చాడు. "నెల్లూరు వైపా అక్కా? మాది ఉదయగిరి దగ్గర" అన్నాడు. వచ్చి నాలుగేళ్లయిందట, ఇంటికి వెళ్లింది ఒక్కసారేనట. అడగకుండానే రెండోసారి మజ్జిగ తెచ్చి పెట్టాడు. "మధ్యాహ్నం కోటలూ గుట్టలూ ఎక్కకండి అక్కా. జూన్ వచ్చిందంటే మూడు నెలల పాటు పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ చట్టమే ఉంది" అన్నాడు. వెళ్లేటప్పుడు మా వారు అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మస్కట్‌లో ఒక్కటే చూడగలిగితే సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదు చూడండి. 2001లో ప్రారంభమైంది. ఇతర మతాలవాళ్లను శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా లోపలికి పంపుతారు, మేం వెళ్లినప్పుడు డబ్బులు తీసుకోలేదు. ఆడవాళ్లు జుట్టు పూర్తిగా కప్పుకోవాలి, చేతులూ కాళ్లూ కనబడకూడదు. నేను నిండు చేతుల చుడీదారు, పెద్ద చున్నీ తీసుకెళ్లాను కాబట్టి ఇబ్బంది లేకపోయింది. తెచ్చుకోనివాళ్లు గేటు దగ్గర అద్దె బట్టల కోసం ఎండలో నిలబడ్డారు. మేం సరిగ్గా ఎనిమిదికి వెళ్లాం. తొమ్మిదిన్నరకల్లా బస్సులు వచ్చి ముంగిలి నిండిపోయింది.

లోపల అందరూ తలెత్తి 14 మీటర్ల షాండ్లియర్‌ను చూస్తున్నారు. నాకు మాత్రం కింద పరిచిన తివాచీ మీది నుంచి కళ్లు మళ్లలేదు. 70 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు, 21 టన్నుల బరువు. ఇరాన్‌లో ఆరు వందల మంది ఆడవాళ్లు నాలుగేళ్లు నేశారు, మొత్తం 170 కోట్ల ముడులు. సందర్శకులు నడవడానికి దాని మీద వేరే పట్టా పరిచారు. ఆ పట్టా అంచున కూర్చుని వంగి చూశాను. ఒక ఎర్రపువ్వు రేకు నా అరచేయంత ఉంది. దూరం నుంచి ఒకే ఎరుపు, దగ్గరికి వెళితే అందులో దానిమ్మ గింజ రంగు, ఇటుక రంగు, రేకు మొదట్లో వంగపండు నలుపు. వెంకటగిరి మగ్గం దగ్గర చిన్నప్పుడు కూర్చుని చూసినదాన్ని. ఒక చీర కొంగులో పువ్వు దిగడానికి ఎంతసేపు పడుతుందో తెలుసు. ఆ ఆరు వందల మందిలో ఎవరి వేళ్లు ఆ రేకును ముడివేశాయో అని ఆలోచిస్తుంటే గొంతు పట్టేసింది.

పాత మస్కట్‌లో అల్ ఆలమ్ రాజభవనం బయటి నుంచే చూడాలి, పది నిమిషాల పని. దాని రెండు పక్కలా కొండల మీద పోర్చుగీసువాళ్ల కాలపు జలాలీ, మిరానీ కోటలు కనబడతాయి. ఆ దగ్గరలోనే శివాలయం ఉంది. పరాయి దేశపు రాజభవనం పక్కన శివుడికి దణ్ణం పెట్టుకోవడం మా ఇద్దరికీ ఎంతో తృప్తినిచ్చింది. మధ్యాహ్నం ఎండకు భవనం ఎదురుగా ఉన్న జాతీయ మ్యూజియం మంచి ఆశ్రయం. మూడు గంటలు చల్లగా గడిచాయి.

గురువారం నిజ్వా అనే ఊరికి బయలుదేరాం, దాదాపు 160 కిలోమీటర్లు. దారిలో జబల్ అఖ్దర్ కొండ ఎక్కి, రెండు వేల మీటర్ల ఎత్తున గులాబీ తోటలు చూడాలని నా కోరిక. కారు అద్దెకిచ్చిన మనిషి "ఈ బండి ఎక్కడికైనా వెళ్తుంది" అన్నాడు. బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరు దాటగానే పోలీసు తనిఖీ ఉంది. నాలుగు చక్రాలూ లాగే బండి అయితేనే పైకి వదులుతారు. ఆ పోలీసు ఎంతో మర్యాదగా చెప్పాడు గానీ మమ్మల్ని మాత్రం వెనక్కి పంపాడు. అప్పటికి పదకొండున్నర. ఆ బాధలో నీడకు చేరకుండా ఊరి పాత మట్టి ఇళ్ల మధ్య తిరిగాం. మా వారికి తల తిరిగి గోడకు ఆనుకున్నారు. ఒక పెద్దాయన తలుపు తీసి నీళ్లు, ఖర్జూరాలు, యాలకుల కాఫీ ఇచ్చి అరగంట కూర్చోబెట్టాడు. మాట కలవలేదు, చేతులతోనే చెప్పుకున్నాం. గులాబీలు పోయినందుకు ఇప్పటికీ బాధే. కొండెక్కాలనుకుంటే ఆ ఒక్క రోజుకైనా తగిన బండి తీసుకోండి.

నిజ్వా కోటకు మనిషికి ఐదు రియాళ్లు. పదిహేడో శతాబ్దపు గుండ్రటి బురుజు ముప్పై మీటర్ల ఎత్తు. లోపలి మెట్ల మలుపుల్లో పైనుంచి శత్రువుల మీద మరిగే ఖర్జూర పాకం పోసే కన్నాలున్నాయి. సాయంత్రం ఐదుకు వెళితే పైన గాలి బాగుంటుంది.

శుక్రవారం పొద్దున మేకల సంత. దీని కోసమే శుక్రవారం నిజ్వాలో పడేలా రోజులు లెక్కపెట్టుకున్నాను. గుండ్రటి పందిరి కింద కొనేవాళ్లు రెండు వరసలుగా నిలబడతారు. అమ్మేవాళ్లు మేకను తాడుతో పట్టుకుని మధ్యలో చుట్లు తిరుగుతూ ధర అరుస్తారు. కొనేవాడు చెయ్యెత్తి ఆపి, దవడ తెరిచి పళ్లు చూసి, వెన్ను తడిమి, పొదుగు నొక్కి చూస్తాడు. ఒంగోలు వైపు పశువుల సంతల్లో మా నాన్న వేళ్లు ఇలాగే కదిలేవి. ముఖానికి తొడుగు పెట్టుకున్న ఒక ముసలామె రెండు పిల్లలున్న మేకను మూడుసార్లు వదిలేసి నాలుగో చుట్టులో కొన్నది. తొమ్మిదికల్లా అంతా ఖాళీ.

ఆ రాత్రి మిస్ఫాత్ అల్ అబ్రియీన్‌లో ఉన్నాం. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున కొండవాలులో ఉన్న ఊరు. తారు రోడ్డే కాబట్టి మామూలు కారు వెళుతుంది. ఊరి మొదట్లో బండి ఆపి, సామాను మోసుకుంటూ మెట్లు దిగాలి. పాత మట్టి ఇంట్లో గది, నేల మీద పరుపు. మా ప్రయాణంలో అన్నిటికంటే మంచి బస ఇదే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మాత్రం కష్టం. గది పక్కనే ఫలజ్ పారుతోంది. కొండ ఊటను సన్నటి కాలువ కట్టి, పంపు లేకుండా వాలు మీదే ఊరంతా పారించే పద్ధతి అది. ముందు తాగడానికి, తర్వాత స్నానాలకు, ఆఖరున ఖర్జూర, అరటి తోటలకు. వంతులు గంటలను బట్టి పంచుకుంటారు. పూర్వం పగలు నీడను, రాత్రి నక్షత్రాలను చూసి వంతు మార్చేవారట. సంగం ఆనకట్ట నుంచి వచ్చే కావలి కాలువ చివరి భూముల్లో పుట్టినదాన్ని నేను. రాత్రి నీటి వంతు కోసం లాంతరు పట్టుకుని నాన్న వెంట గట్టు మీద నడిచాను. ఇక్కడ ఒకాయన గుడ్డ ముక్కతో చుట్టిన రాయిని ఒక మడవలోంచి తీసి పక్క మడవలో పెట్టాడు. ఆ రాయి పెట్టగానే నీళ్లు మళ్లాయి, ఒక్క చుక్క బయటికి పోలేదు. అరగంట అక్కడే కూర్చుండిపోయాను.

శనివారం మస్కట్‌కు తిరిగొచ్చి మత్రా పేటలో సముద్రానికి ఎదురుగా గది తీసుకున్నాం. రువీ కంటే ధర ఎక్కువే, అయినా మొదటి నుంచీ ఇక్కడే ఉండాల్సింది. పొద్దున నడిచి చేపల మార్కెట్టుకు వెళ్లాం. వంజరం మొప్పలు ఎత్తి చూశాను, మందార రంగులో ఉన్నాయి. వండుకునే వీలు లేకపోయిందని చాలా బాధపడ్డాను, పులుసుకు మామిడికాయ ముక్క కూడా కళ్ల ముందు మెదిలింది. మత్రా బజారు మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రమే వెళ్లండి. ఆదివారం, నేల కుంగి ఏర్పడిన బిమ్మా గుంతకు వెళ్లాం. మెట్లు దిగితే ఆకుపచ్చ నీళ్లు, పాదాలు పెడితే చిన్న చేపలు వచ్చి కొరుకుతాయి. ఉదయం ఏడుకే వెళ్లడం మంచిదైంది.

సోమవారం కారు అప్పగించాం. బయానాగా పట్టిన డబ్బు పది రోజుల్లో వస్తుందన్నారు. వచ్చేసరికి నెల దాటింది, అదీ నేను మూడుసార్లు రాస్తేనే. తీసుకున్న రోజే మా వారు నాలుగు పక్కలా బండి ఫొటోలు తీసి పెట్టారు కాబట్టి ఒక్క రియాల్ కూడా కోత పడలేదు. బజారులో కొన్న సాంబ్రాణి, పచ్చ ఛాయ ఉన్న హోజరీ రకం, పావుకిలో తెచ్చాను. మొన్న శుక్రవారం మా అత్తగారు నిప్పుల మీద రెండు పలుకులు వేసి, పొగ ఇల్లంతా పట్టించి, "మళ్లీ వెళ్తే ఇది ఇంకాస్త ఎక్కువ తెండి" అన్నారు.