డ్రెస్డెన్‌లో రెండేళ్లు: గదులు, రైళ్లు, ఒక పంటు

2022 అక్టోబర్‌లో ఎమ్మెస్ చదవడానికి జర్మనీలోని డ్రెస్డెన్ వచ్చాను. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 10,332 యూరోలు నెలకు 861 చొప్పున చేతికొచ్చేవి. అద్దె, తిండి, ఇన్సూరెన్స్, తిరుగుడు అన్నీ అందులోనే. నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు అది. అందుకే ఏ గదిలో ఉన్నా, ఏ ఊరెళ్లినా పెట్టిన ప్రతి యూరోకీ ఏం దక్కిందో చూసుకోవడం అలవాటైంది.

ముందు గదుల సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను మొదట దెబ్బతిన్నది అక్కడే. హాస్టల్ గది నవంబర్‌కి గానీ దొరకదన్నారు. ఆ నెల రోజులకీ ఆన్‌లైన్‌లో చూసి ఒక ఇంట్లో గది తీసుకున్నాను, 600 యూరోలు అడ్వాన్సు కట్టి. గది శుభ్రంగానే ఉంది. కానీ ఇక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి, దాన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటాయన సంతకం పెట్టిన కాగితం కావాలి. అడిగితే రేపు, ఎల్లుండి అంటూ చివరికి ఇవ్వనన్నాడు. ఆ నమోదు లేకపోతే తర్వాతి పనులు ఒక్కటీ కదలవు. అడ్వాన్సులో సగం కూడా వెనక్కి రాలేదు. ఆ రోజుల్లో రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, ఇంట్లో చెప్పుకోలేను. ఇప్పుడు వచ్చే ప్రతి ఒక్కరికీ ముందు ఇదే చెబుతున్నాను: ఆ కాగితం ఇస్తామని రాతలో ఒప్పుకోకుండా ఒక్క యూరో కూడా పంపకండి.

నవంబర్‌లో వుంట్‌స్ట్రాసె అనే వీధిలో, విద్యార్థుల బస చూసే స్టూడెంటెన్‌వెర్క్ అనే సంస్థ హాస్టల్‌కి మారాను. గది చిన్నది, కిటికీ ఎదురుగా ఇంకో బిల్డింగు, ఫ్లాట్‌లో నలుగురం. నా మటుకు డ్రెస్డెన్‌లో అంతకన్నా మంచి బస లేదు. క్యాంపస్‌కి నడిచి వెళ్లొచ్చు, కాగితాలన్నీ సక్రమంగా ఇస్తారు, అన్నిటికన్నా ముఖ్యంగా వంటగది ఉంది. పక్క గదిలో వరంగల్ అక్క ఉండేది. మొదటి రోజే నా మొహం చూసి, "ఏమన్న తిన్నవా లేదా? కూసో, పప్పు ఉంది" అంది. కందిపప్పు, పాలకూర, ఎండుమిర్చి తాలింపు. ఆ ఇంటాయన గొడవంతా ఆమెకే మొదట చెప్పుకున్నాను. ఆ తర్వాత ఎక్కడ బస చూసుకున్నా మొదట అడిగేది వంటగది ఉందా అనే.

హాస్టల్‌లో ఉన్నా రేడియో, టీవీ చందా కట్టాలి. టీవీ లేదంటే ఒప్పుకోరు. అప్పట్లో నెలకు 18.36 యూరోలు, కానీ ఇంటికి ఒక్కటే. నలుగురం పంచుకున్నాం. కొందరు కొత్తవాళ్లు చందా కట్టమనే ఉత్తరం వచ్చినా పక్కన పడేసి, పాత బాకీతో కలిపి ఒకేసారి కట్టాల్సి వచ్చింది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు కాబట్టి శనివారమే కూరగాయలు తెచ్చుకోవాలి. మరిచిపోతే పెద్ద స్టేషన్లలోని దుకాణాలే దిక్కు.

ఇక ప్రయాణాలు. స్టూడెంట్ కార్డుతో పాటే వచ్చిన సెమిస్టర్ టికెట్ మీద డ్రెస్డెన్ ట్రాములే కాదు, సాక్సనీ రాష్ట్రంలోని లోకల్, రీజనల్ రైళ్లు కూడా అప్పట్లో ఎక్కనిచ్చేవారు. నాకు ఇక్కడ దొరికిన సేవల్లో ఇంత విలువైనది ఇంకోటి లేదు. మొదటి చలికాలమంతా దాని మీదే తిరిగాను. గోర్లిట్స్ వెళ్తే నైసె నది మీద కాలినడక వంతెన దాటి పోలండ్‌లోని జ్గోజెలెట్స్‌లో అడుగుపెట్టొచ్చు. ఒకప్పుడు రెండూ ఒకే ఊరు, 1945 తర్వాత నది సరిహద్దయింది. ఒక్క రోజుకి వెళ్లిరావడానికి అంత హాయైన ఊరు నేను చూడలేదు.

చెక్ దేశంలోని ప్రాగ్‌కి రైల్లో రెండున్నర గంటల లోపే. రెసిడెన్స్ పర్మిట్ ఉంటే వేరే వీసా అక్కర్లేదు కానీ కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా దగ్గరుంచుకోండి, సరిహద్దు దగ్గర పోలీసులు రైలెక్కి అడుగుతారు. మేం ముగ్గురం అక్కడ ఒక హాస్టల్‌లో ఎనిమిది మంచాల గదిలో దిగాం. దుప్పట్లు ఇచ్చారు, లాకర్‌కి తాళం మనదే. కింద పెద్ద వంటగది, ఎవరో వదిలేసిన బియ్యం, నూనె కూడా ఉన్నాయి. రెండు రాత్రులూ అన్నం వండుకున్నాం. 1357లో కట్టడం మొదలుపెట్టిన చార్ల్స్ వంతెన మీద పగలు కాలు పెట్టే సందుండదు. తెల్లవారి ఆరింటికి వెళ్తే మంచులో విగ్రహాలు, మేమూ.

అక్కడ ఒక తప్పు చేశాను. పాతబస్తీలో ఒక కౌంటర్‌లో 100 యూరోలు మార్చి, లెక్క చూసుకుంటే చాలా తక్కువ కొరునాలు (అక్కడి డబ్బు) వచ్చాయి. హాస్టల్ రిసెప్షన్‌లోని అమ్మాయి రసీదు చూసి, మూడు గంటల్లోపు వెళ్లి రద్దు చేయమని అడిగే హక్కు అక్కడి చట్టంలోనే ఉందని చెప్పింది. పరుగెత్తాను. కౌంటర్‌లో ఆయన ముఖం మాడ్చుకున్నా నా యూరోలు నాకిచ్చేశాడు. రసీదు పారేసి ఉంటే అంతే. ఏటీఎంలో యూరోల్లో తీసుకుంటారా అని అడిగినా కొరునాలనే నొక్కండి, లేకపోతే రేటు వాళ్లిష్టం.

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు చవక కదాని రాత్రి బస్సు బుక్ చేశాను. మూడున్నర గంటలు ఆలస్యం, జనవరి చలి, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవస్తోంది. దూరం బస్సు బయలుదేరడం రెండు గంటలు దాటి ఆలస్యమైతే టికెట్ డబ్బు వెనక్కి గానీ వేరే దారిలో ప్రయాణం గానీ అడగొచ్చని ఇల్లు చేరాక తెలిసింది. మిగిలిన ఇరవై యూరోలు ఆ వారం జ్వరానికి మందులకే పోయాయి. ఒంటరిగా చలికాలంలో రాత్రి బస్సు వద్దు, అంతే.

చివరికి దాచుకున్నది రాటెన్ అనే చిన్న ఊరు. డ్రెస్డెన్‌లో ఎస్1 లోకల్ రైలెక్కితే ఎల్బే నది పక్కనే వెళ్తుంది. ఆ ప్రాంతాన్ని సాక్సన్ స్విట్జర్లాండ్ అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇద్దరు స్విస్ చిత్రకారులు తమ దేశాన్ని తలుచుకుని పెట్టిన పేరట. ఇంటికి దూరంగా ఉన్నవాళ్లు పెట్టిన పేరని తెలిశాక నాకు ఆ చోటు మరీ దగ్గరైంది. నది మీద 194 మీటర్ల ఎత్తున బస్టై అనే రాళ్ల గుట్ట, ఆ రాళ్ల మధ్య 1851లో కట్టిన ఏడు కమానుల రాతి వంతెన. రాటెన్ నుంచి మెట్ల మీదుగా ముప్పావుగంట ఎక్కుడు. పైన హోటల్లో తినకండి, ఖరీదు. పులిహోర కట్టుకెళ్లాం మేం.

కానీ నేను మళ్లీ మళ్లీ వెళ్లింది వంతెన కోసం కాదు. స్టేషన్ ఒక ఒడ్డున, ఊరు అవతలి ఒడ్డున. మధ్యలో పంటు. మా నరసాపురం రేవులో సఖినేటిపల్లికి దాటించే పంటు లాంటిదే, దీనికి మాత్రం ఇంజిన్ లేదు. ఎగువన నదిలో లంగరు వేసిన పొడవాటి తాడు చివర కట్టి ఉంటుంది. పంటుని కాస్త ఏటవాలుగా తిప్పితే ప్రవాహమే పక్కకి నెట్టుకుంటూ అవతలికి చేరుస్తుంది. తిరిగి రావాలంటే ఇటు తిప్పడమే. చప్పుడుండదు, నీళ్లు చెక్కలకి కొట్టుకోవడం వినిపిస్తుంది. టికెట్‌కి ఏదో చిల్లర. కళ్లు మూసుకుంటే మా వశిష్ఠ గోదావరి మీద ఉన్నట్టే, డీజిల్ వాసన ఒక్కటే లేదు.

మొదటిసారి ఎక్కినప్పుడు నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని తాడు చూపించమన్నారు, లంగరు ఎక్కడుందో చూపించమన్నారు. అన్నీ చూశాక కాసేపు ఆలోచించి అడిగారు.

"ఇదంతా బాగానే ఉందమ్మా. మరి పోటు తగిలి ఏరు వెనక్కి తిరిగితే ఎలా దాటిస్తారు?"

"ఇక్కడ పోటు రాదు నాన్నా. సముద్రం చాలా దూరం."