రొమ్ములో క్యాన్సర్ కాని గడ్డ: తీయించాలా, కనిపెట్టుకుని ఉండాలా?

మా చెల్లికి 23 ఏళ్లు. తిరుపతిలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతోంది. పోయిన ఏడాది స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు వారాలు తను ఒక్కతే ఎంత భయపడి ఉంటుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

గుండ్రంగా, రబ్బరులా ఉండి, నొక్కితే పక్కకు జారిపోయేది. డాక్టరు చేత్తో చూశాక స్కాన్ తీసి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫైబ్రోఅడినోమా అని తేలింది. క్యాన్సర్ కాదు. 15 నుంచి 35 ఏళ్ల లోపు వాళ్లలో ఎక్కువగా కనిపించే గడ్డ ఇదే.

ఇంట్లో అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. చిత్తూరు నుంచి వచ్చిన పెద్దమ్మ, "తీయించేస్తే పీడా పోతుంది కదమ్మా" అంది. అమ్మేమో, "పెళ్లి కావాల్సిన పిల్లకు మచ్చ పడదా?" అంది. పెళ్లిని ఈ లెక్కలోకి తేవడం నాకు నచ్చలేదు. చూడాల్సింది గడ్డ సైజు, అది పెరుగుతోందా లేదా, చెల్లి మనసు.

తీయిస్తే గడ్డ మొత్తం పరీక్షకు వెళ్తుంది, దిగులు తీరుతుంది. చాలామంది ఆ రోజే ఇంటికి వచ్చేస్తారు. కానీ మచ్చ ఉంటుంది, కొందరికి ఇంకో చోట కొత్త గడ్డ రావచ్చు కూడా. ఉంచుకుంటే, సాధారణంగా ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు స్కాన్ తీయించాలి. చాలా గడ్డలు అలాగే ఉండిపోతాయి, కొన్ని చిన్నవైపోతాయి. గర్భం వచ్చినప్పుడు పెరగొచ్చు. మామూలు ఫైబ్రోఅడినోమా క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు.

అందుకే, చిన్నదై, ముక్క పరీక్షలో ఏ అనుమానమూ లేకపోతే ఉంచుకోవడమే మేలంటాను. మూడు సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, ముక్క పరీక్షలో సందేహం మిగిలినా తీయించడమే మంచిది. త్వరగా పెరిగే, కొన్నిసార్లు క్యాన్సర్ కూడా అయ్యే ఫిల్లోడ్స్ అనే గడ్డ కూడా మొదట్లో అచ్చం ఇలాగే ఉంటుంది మరి. స్కాన్‌కు మళ్లీ మళ్లీ రాలేని వాళ్లకు, భయంతో నిద్రపట్టని వాళ్లకు కూడా ఆపరేషనే నయం.

మా పిన్ని సంగతి వేరు. 44 ఏళ్లు. నెలసరికి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి, గడ్డలు గడ్డలుగా తగిలేవి. మామోగ్రామ్, స్కాన్ చేస్తే ఒకచోట నీటితిత్తి ఉందన్నారు. నొప్పిగా ఉందని సూదితో నీళ్లు తీసేశారు. కోయాల్సిన అవసరమే రాలేదు. అయితే ఆ వయసులో కొత్తగా గడ్డ తగిలితే మామూలుదేలే అని ఎవరికి వాళ్లు అనుకోకూడదు. కదలని గట్టి గడ్డ, లోపలికి గుంజుకుపోయిన చర్మం, చనుమొన నుంచి రక్తం, చంకలో గడ్డ, వీటిలో ఏది కనిపించినా ఏ వయసులోనైనా వెంటనే చూపించుకోవాలి.

మన వైపు ఏదైనా వస్తే వేలూరుకో చెన్నైకో పరుగెత్తడం అలవాటు. కానీ ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సిన గడ్డకు దగ్గర్లో ఉన్న ఆసుపత్రే మంచిది. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి, అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రీ ఉంది. ఎక్కడికి వెళ్లినా పాత రిపోర్టు తీసుకెళ్లాలి. కొలత పోల్చి చూడకపోతే స్కాన్ తీసి లాభం లేదు.

చెల్లి ఉంచుకుంటానంది. మొదటి స్కాన్‌లో 1.6 సెంటీమీటర్లు, ఆరు నెలలకూ అంతే. ఏడాది స్కాన్ వచ్చే నెలలో. ఈసారి తేదీ నాకు గుర్తుచేసింది తనే.