లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్: టికెట్ మీద గంటా ఇరవై, ఇంటి గడప నుంచి లెక్కేస్తే ఐదు గంటలు

2022 వేసవి నుంచి ఆఫీసు పని మీద నెలకు రెండుసార్లయినా లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి వస్తున్నాను. ఎంతసేపు పడుతుందని ఎవరడిగినా మొదట్లో గంటే అని చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పను.

లండన్ హీత్రో నుంచి ఆమ్‌స్టర్‌డామ్ ఎయిర్‌పోర్ట్ స్కిపోల్‌కి నేరుగా కొలిస్తే దాదాపు 370 కిలోమీటర్లు. విమానం గాలిలో ఉండేది ముప్పావుగంట, మహా అయితే యాభై నిమిషాలు, నీళ్లు తాగి గ్లాసు ఇచ్చేలోపే మళ్లీ బెల్టు పెట్టుకోమంటారు. మిగతా అరగంట నేల మీదే పోతుంది. స్కిపోల్‌లో పోల్డర్‌బాన్ అనే రన్‌వే ఉంది, 2003లో మొదలైంది, టెర్మినల్‌కి ఎంత దూరమంటే అక్కడ దిగిన విమానం హైవే మీది వంతెన కూడా దాటి పావుగంట నడుస్తూనే ఉంటుంది. వచ్చేటప్పుడు హీత్రోలో రద్దీ ఉంటే లాంబోర్న్ దగ్గర ఆకాశంలోనే గుండ్రంగా తిప్పుతారు.

ఇంకో సంగతి, ఆమ్‌స్టర్‌డామ్ గడియారం గంట ముందుంటుంది. పొద్దున ఏడింటికి ఎక్కితే అక్కడ 9:20, పదింటికి మీటింగ్ ఉంటే టెన్షనే. అదే వచ్చేటప్పుడు ఆరింటికి ఎక్కి ఆరూ ఇరవైకి దిగినట్టు టికెట్‌లో కనిపిస్తుంది. మా అమ్మ అది చూసి "ఇరవై నిమిషాలేనా?" అని ఫోన్‌లో ఎంత ఆశ్చర్యపోయిందో.

మేముండేది తూర్పు లండన్. ఎలిజబెత్ లైన్ రైలు వచ్చాక కూడా హీత్రోకి గంట దాటుతుంది, అక్కడ గంటన్నర ముందుండాలి, దిగాక పాస్‌పోర్ట్ లైను ఒక్కోరోజు పది నిమిషాలు, ఒక్కోరోజు గంట. (మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి, బ్రిటన్ వీసా ఉన్నా సరే, నెదర్లాండ్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసా విడిగా తీసుకోవాల్సిందే.) ఆ తర్వాత మాత్రం హాయి, టెర్మినల్ కిందే రైలు, పావుగంటలో సెంట్రాల్ స్టేషన్. అన్నీ కలిపితే నాకు ఐదు గంటల లోపు ఎప్పుడూ అవ్వలేదు.

లండన్ సిటీ ఎయిర్‌పోర్ట్‌కి మారాక గంట పైనే మిగిలింది. రన్‌వే 1500 మీటర్లే, అందుకని విమానం మామూలుకంటే ఏటవాలుగా దిగుతుంది, భయపడేవాళ్లు పక్కనుంటే ముందే చెప్పండి.

రైలు సంగతికొస్తే, లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్ నుంచి నేరుగా వెళ్లే యూరోస్టార్ రైలుకి దాదాపు నాలుగు గంటలు. చదవగానే విమానమే నయమనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ రెండు దేశాల పాస్‌పోర్ట్ చెకింగూ ఎక్కకముందే అయిపోతుంది, దిగగానే బ్యాగు పట్టుకుని ఊళ్లోకి నడిచిపోవడమే. ఒకేచోట కూర్చుని మూడు గంటలు నిజంగా పని చేసుకోవచ్చు, విమానంలో వెళ్లేరోజు ఆ సమయమంతా ముక్కలుముక్కలుగా పోయేది. ఆమ్‌స్టర్‌డామ్ స్టేషన్‌లో పనులు జరిగినప్పుడు, 2024 జూన్ నుంచి 2025 ఫిబ్రవరి దాకా, వచ్చేటప్పుడు బ్రస్సెల్స్‌లో మారాల్సి వచ్చేది, ఇప్పుడు మళ్లీ నేరుగానే ఉంది. ఆలస్యంగా బుక్ చేస్తే మాత్రం ధర బాగా ఎక్కువ.

ఇప్పుడు నేను వెళ్లేది పొద్దున సిటీ ఎయిర్‌పోర్ట్ విమానంలో, వచ్చేది సాయంత్రం రైల్లో. పిల్లలు వెంట ఉంటే మాత్రం రానూపోనూ రైలే, నెల ముందే టికెట్ తీసుకుంటాను.