గ్లేస్ బే మైనర్స్ మ్యూజియం: బొగ్గుబాయి దిగిన మనిషే దారి చూపిస్తాడు

కెనడాలో నోవా స్కోషియా రాష్ట్రం తూర్పు చివర కేప్ బ్రెటన్ అనే దీవి ఉంది. కేప్ బ్రెటన్ యూనివర్సిటీ పుణ్యమా అని అక్కడ మన తెలుగు పిల్లలు చాలామందే చదువుతున్నారు. యూనివర్సిటీ ఉన్నది సిడ్నీ నుంచి గ్లేస్ బే వెళ్ళే రోడ్డు మీద. సిడ్నీలో గది దొరకనివాళ్ళు గ్లేస్ బేలో అద్దెకు ఉంటారు. నేనూ అలాగే వచ్చాను. ఆ ఊళ్ళో ఉంటూ కూడా మైనర్స్ మ్యూజియం, అంటే గని కార్మికుల మ్యూజియం, గడప తొక్కనివాళ్ళు మనలో చాలామంది. వాళ్ళ కోసమే ఈ రివ్యూ. సింగరేణి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళయితే తప్పకుండా చదవండి. మాది గోదావరిఖని. మా బాపు కోల్ ఫిల్లర్‌గా, అంటే బొగ్గు ఎత్తి టబ్బులు నింపే కార్మికుడిగా చేరి అండర్‌గ్రౌండ్‌లోనే రిటైరయ్యాడు.

ముందు విషయం చెప్పేస్తాను. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ మార్కుల్లో ఎక్కువ భాగం గైడ్‌కే. లోపలికి మనల్ని తీసుకెళ్ళేది రిటైరైన గని కార్మికుడు. చదివి నేర్చుకున్న పాఠం అప్పజెప్పడు, తను చేసిన పని చూపిస్తాడు. దానికి ఎంత టికెట్ పెట్టినా తక్కువే అనిపించింది నాకు.

మ్యూజియం క్వారీ పాయింట్ అనే చోట, అట్లాంటిక్ సముద్రం ఒడ్డునే ఉంది. 1967లో కెనడా వందేళ్ళ పండగకు దేశమంతా ఏదో ఒకటి కట్టుకుంటుంటే ఈ ఊరివాళ్ళు తమ గనుల కోసం దీన్ని కట్టుకున్నారు. దీనికి పూనుకున్నది నీనా కోహెన్ అనే ఆవిడ. పైన ప్రదర్శనశాల, కింద ఓషన్ డీప్స్ కాలరీ (కాలరీ అంటే బొగ్గు గని) అని సందర్శకుల కోసమే తవ్విన గని. నిజంగా ఉత్పత్తి జరిగిన గని కాదు, కానీ గోడల్లో ఉన్నది అసలు బొగ్గే. హెల్మెట్ ఇస్తారు, పై నుంచి నీళ్ళు కారతాయి కాబట్టి భుజాల మీద వేసుకోవడానికి ఒక కేప్ ఇస్తారు. వేసవిలో కూడా లోపల చలి, తడి. స్వెట్టర్ వేసుకోండి, చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి.

కొన్ని చోట్ల పైకప్పు బాగా కిందికి ఉంటుంది, నడుం వంచే నడవాలి. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దవాళ్ళను తీసుకెళ్ళేముందు ఆలోచించుకోండి. నాతో వచ్చిన అబ్బాయి పొడగరి, అతని హెల్మెట్ రెండుసార్లు టక్కుమని తగిలింది. మా గైడ్ డెబ్బై దాటిన మనిషి. నడుం వంచి మాట్లాడుతూనే మాకంటే వేగంగా నడిచాడు. అలా నడిచి నడిచి ఆ నడకే ఒంటికి పట్టేసింది.

ఇక్కడి పాత పద్ధతి మన దగ్గర బోర్డ్ అండ్ పిల్లర్ అంటామే, అదే. గదుల్లా తవ్వుకుంటూ పోవడం, పైకప్పు మొయ్యడానికి మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలెయ్యడం. ఒక్కో గదికి ఇద్దరు మనుషులు. పికాసుతో కోసి, మందు పెట్టి పేల్చి, పారతో టబ్బు, అంటే పట్టాల మీద నడిచే బొగ్గు బండి, నింపాలి. టబ్బుకు తమ నంబరు తగిలించి పంపాలి. పైన తూకం చూసి టన్ను లెక్కన డబ్బు. రాయి కలిసిందంటే కోత. గైడ్ ఈ లెక్క చెబుతుంటే నేను ముందే తల ఊపుతున్నాను. ఎందుకని అడిగాడు. మా నాన్న కూడా ఫిల్లరే, టబ్బుల లెక్కనే జీతం అన్నాను. అక్కడి నుంచి ఆయన మాట తీరే మారిపోయింది. మిగతావాళ్ళకు చెప్పాల్సింది చెప్పి, నా వైపు తిరిగి మీ దగ్గర సీమ్ (బొగ్గు పొర) మందం ఎంత, నీళ్ళు ఎక్కువా, గ్యాస్ ఉంటుందా అని ఆరా తీశాడు. నాకు తెలిసినంత చెప్పాను, తెలియనివి బాపును అడిగి చెబుతానన్నాను.

గాలి తలుపుల దగ్గర చాలాసేపు ఆగాం. గనిలో గాలి సరైన దారిలో తిరగాలంటే మధ్య మధ్య తలుపులు ఉంటాయి. టబ్బులు లాగే గుర్రం వచ్చినప్పుడు తీసి, వెళ్ళగానే మూసెయ్యాలి. ఆ పని పది పన్నెండేళ్ళ పిల్లలది. షిఫ్టు మొత్తం ఒక్కడే, చీకట్లో, తలుపు పక్కన. గుర్రాలు కూడా గనిలోనే ఉండేవి, అక్కడే వాటి కొట్టాలు. బడి పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు ఈ ఒక్క చోట మాత్రం ఎవరూ అల్లరి చెయ్యరని చెప్పాడు.

పైకి వచ్చాక ప్రదర్శనశాలను హడావిడిగా చూడకండి. ఈ తీరంలో బొగ్గు కథ 1720లో మొదలైంది. దగ్గర్లోని లూయిబర్గ్ కోట కడుతున్న ఫ్రెంచివాళ్ళు పోర్ట్ మోరియెన్ దగ్గర కొండచరియలో బొగ్గు తవ్వుకున్నారు. అసలు ఊరు ఊరైంది మాత్రం 1893 తర్వాత. బోస్టన్ వ్యాపారి హెన్రీ విట్నీ డొమినియన్ కోల్ కంపెనీ పెట్టి చాలా గనుల్ని ఒక్క చేతి కిందికి తెచ్చాడు. పాత స్కాటిష్, ఐరిష్ కుటుంబాల పక్కకు ఇటలీ, పోలండ్, ఉక్రెయిన్ నుంచి జనం దిగారు. సొరంగాలు సముద్రం కింద మైళ్ళ దూరం సాగాయి. ఒడ్డున నిలబడి చేపల పడవలు చూస్తున్నప్పుడు, ఆ నీటి అడుగున ఒకప్పుడు మూడు షిఫ్టులు నడిచాయని గుర్తు చేసుకోవాలి.

ఊళ్ళో పేటల పేర్లు వింటే మన కోల్‌బెల్ట్ వాళ్ళకు నవ్వొస్తుంది. ఒక పేట పేరు నంబర్ లెవెన్. గని నంబరే పేట పేరు. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ అని అడ్రస్ రాసుకుని పెరిగిన నాకు అది చాలా సహజంగా అనిపించింది. ఇళ్ళు కూడా అంతే. కంపెనీ క్వార్టర్లు ఇద్దరికి ఒకటి చొప్పున కట్టారు, మధ్యలో గోడ. తర్వాత వాటిని కార్మికులే కొనుక్కున్నారు, ఎవరి సగం వాళ్ళు బాగుచేసుకున్నారు. అందుకే ఇప్పటికీ ఒకే ఇల్లు సగం ఎరుపు, సగం తెలుపు ఉంటుంది. ఒక సగానికి కొత్త కిటికీలు, ఇంకో సగానికి పాతవే. నేను అద్దెకు ఉన్నది అలాంటి ఒక సగంలోనే. మ్యూజియం ఆవరణలో పాత కంపెనీ ఇంటి నమూనా ఒకటి ఉంది. దాని వంటగదిలో నిలబడితే మా వంటగది కొలతలే కనిపించాయి.

ఆ ఇంటి పక్కనే కంపెనీ కొట్టు నమూనా. ఈ రివ్యూలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది దీని గురించే. కంపెనీ ఇల్లు, కంపెనీ కొట్టు, కంపెనీ డాక్టరు. కొట్టులో అప్పు మీద పిండి, చక్కెర, బూట్లు తెచ్చుకుంటే జీతంలోంచి కోసేవారు. అద్దె కోసేవారు, ఇంటికి తెచ్చుకున్న బొగ్గుకూ కోసేవారు. చివరికి డబ్బు కాక, కోతల లెక్క రాసిన చీటీ మాత్రమే చేతికొచ్చే వారాలు ఉండేవి. జనం ఆ కొట్టుకు పెట్టుకున్న పేరు ‘ప్లక్ మీ’, కోడి ఈకలు పీకినట్టు పీకేస్తుందని.

1909లో యూనియన్ గుర్తింపు కోసం సమ్మె చేస్తే ఊళ్ళోకి సైన్యం దిగింది, కుటుంబాల్ని కంపెనీ ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు. 1925 ఇంకా ఘోరం. అప్పటికి గనులు బెస్కో అనే పెద్ద కంపెనీ చేతిలో ఉన్నాయి. మార్చిలో కొట్లలో అప్పు ఆపేసింది, కార్మికులు పని మానేశారు. ఈ కార్మికులు తట్టుకోలేరు, వీళ్ళే కాళ్ళబేరానికి వస్తారు అన్న ధోరణిలో కంపెనీ పెద్ద ఒకాయన మాట్లాడాడు. ఆ మాట ఊరు ఇప్పటికీ మర్చిపోలేదు. పక్కనున్న న్యూ వాటర్‌ఫర్డ్‌కు కరెంటు, నీళ్ళు కూడా ఆపేశారు. జూన్ 11న కార్మికులు పవర్ ప్లాంటు వైపు కదిలారు. కంపెనీ పోలీసులు కాల్పులు జరిపారు. విలియం డేవిస్ చనిపోయాడు. తొమ్మిది మంది పిల్లల తండ్రి, భార్య మళ్ళీ కడుపుతో ఉంది. ఆ తర్వాత జనం కంపెనీ కొట్లను దోచి తగలబెట్టారు. అవి మళ్ళీ తెరుచుకోలేదు. అప్పటి నుంచి జూన్ 11న ఇక్కడి గని కార్మికులెవరూ పనిలోకి దిగలేదు. దాన్ని డేవిస్ డే అంటారు. గనులన్నీ మూతపడ్డాక కూడా ఆ రోజు జనం కలుస్తారు, ప్రార్థనలు జరుగుతాయి, చనిపోయినవాళ్ళను తలుచుకుంటారు. గ్లేస్ బేలో ఉండే మన పిల్లలు ఆ రోజు ఒక్కసారైనా వెళ్ళి నిలబడితే బాగుంటుంది. మనం ఉంటున్నవి ఆ మనుషుల ఇళ్ళే కదా.

ప్రమాదాల గురించి గైడ్ పెద్దగా మాట్లాడలేదు. ఎవరో అడిగితే 1979 ఫిబ్రవరి 24, నంబర్ 26 కాలరీ, పన్నెండు మంది అన్నాడు. అంతే. ఇంకో ప్రశ్నకు చోటివ్వకుండా ముందుకు నడిచాడు. న్యూ వాటర్‌ఫర్డ్‌లో 1917 పేలుడుకు 65 మంది పోయారన్న సంగతి నేను పైన ప్రదర్శనశాలలో చదువుకున్నాను.

నాకు తక్కువ అనిపించినవి కూడా చెప్పాలి. ఒకటి, ఆడవాళ్ళ కథ ఇంకా కావాలి. ఐదు నెలల సమ్మెలో పొయ్యి ఎలా వెలిగింది, తొమ్మిది మంది పిల్లల్ని పెట్టుకుని ఒక భార్య ఎలా నెట్టుకొచ్చింది అన్నది నాకు ముఖ్యం. మా అమ్మ మూడో షిఫ్టు రాత్రుళ్ళు ఎలా గడిపిందో చూసినదాన్ని కాబట్టి అలా అనిపిస్తుందేమో. రెండు, పనిచేసే గనిలో ఉండే చప్పుడు ఇక్కడ లేదు. కన్వేయర్ మోత, ఫ్యాను హోరు, దుమ్ము, అవేవీ లేకపోతే గని చాలా ప్రశాంతమైన చోటులా అనిపిస్తుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఆ సంగతి వాళ్ళకు చెప్పి తీసుకెళ్ళాలి.

పాటల గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. మెన్ ఆఫ్ ది డీప్స్ అని గని కార్మికుల గాయక బృందం 1966లో ఇక్కడే పుట్టింది. 1976లో చైనాకు కూడా వెళ్ళి పాడి వచ్చింది. హాల్లో లైట్లన్నీ ఆపేస్తారు, హెల్మెట్ దీపాలు వెలిగించుకుని వరసగా నడుచుకుంటూ వస్తారు. వేసవి సాయంత్రాల్లో మ్యూజియంలో వాళ్ళ కచేరీలు ఉంటాయి. గని టూరు, కచేరీ ఒకే రోజు పడేలా చూసుకోండి. పగలు విన్న పని మాటలే రాత్రి పాటలో వినిపిస్తాయి.

ఫెడరల్ ప్రభుత్వం 1967లో డెవ్‌కో అనే ప్రభుత్వ సంస్థ పెట్టి, ఆ తర్వాత గనుల్ని తీసుకుంది, మెల్లగా మూసేసే ఉద్దేశంతోనే. 1999లో ఫేలెన్ గని మూతపడింది, 2001లో ప్రిన్స్ గని. పక్కనే డాన్‌కిన్ గనిని 2017లో మళ్ళీ తెరిచారు, పైకప్పు కూలడాలతో 2020లో ఆపేశారు, మళ్ళీ తెరిచారు, మళ్ళీ ఆగింది. యువకులు పనుల కోసం అల్బర్టా ఆయిల్ ఫీల్డుకు పోయారు. ఖాళీ అయిన ఆ ఇళ్ళల్లోకే మనలాంటి విద్యార్థులు వచ్చారు. గైడ్లుగా ఉన్నవాళ్ళు డెవ్‌కో కాలం వాళ్ళు, వయసు మీద పడుతోంది. అందుకే వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోవద్దని చెబుతున్నాను. చలికాలంలో సమయాలు తగ్గిపోతాయి, ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. చిన్న గుంపుగా వెళ్ళండి, ప్రశ్నలు అడగడానికి వీలుంటుంది.

ఆ రాత్రి ఫొటోలన్నీ బాపుకు పంపాను. వీడియో కాల్‌లో ఒక్కో ఫొటో పెద్దది చేసుకుని చూశాడు. నన్ను చూడలేదు, నా వెనక గని పైకప్పుకు ఆసరాగా నిలబెట్టిన కట్టెల్ని చూశాడు. “కట్టె మంచిగ కొట్టిండ్రు బిడ్డా, పని తెలిసినోళ్ళే” అన్నాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. సముద్రం కింద పిల్లర్లు తీసేటప్పుడు నీళ్ళు దిగకుండా పైన ఎంత మందం రాయి వదిలిండ్రు? పంపులు ఎన్ని నడిచినయి? బొగ్గు కోసే ముఖం దగ్గరికి పోను వచ్చుడికి ఎంతసేపు పట్టేది, ఆ టైంకు జీతం ఇచ్చేటోళ్ళా? అన్నీ కాగితం మీద రాసుకున్నాను. వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నాను, అదే గైడ్ ఉంటాడని ఫోన్లో కనుక్కున్నాను.