చెన్నైలో ఆరుబయట స్పోర్ట్స్ కారు: కవర్, ఓబీడీ డాంగిల్ వాడాక తేలింది ఇది

వేలచ్చేరిలో మాది అద్దె ఫ్లాట్. కవర్డ్ పార్కింగ్ అంతా ఓనర్లది. మాకిచ్చింది ప్రహరీ పక్కన, వేపచెట్టు నీడ పూటకొకసారి పడే జాగా. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రెండు డోర్ల జర్మన్ కూపే, 2.0 లీటర్ల టర్బో పెట్రోల్, మూడేళ్ళు దాటింది, అక్కడే ఉంటోంది. ఆఫీసుకు స్కూటర్. కారు బయటికి తీసేది శనాదివారాల్లో, లేదా నెల్లూరు వెళ్ళేటప్పుడు.

చూసినవాళ్ళంతా అడిగేది ఒకటే: ఈ కత్తిరి ఎండలకి ఇంజిన్ పాడవదా అని. నడిచేటప్పుడు 90, 100 డిగ్రీల్లో ఉండే ఇంజిన్‌కి బయటి 42 ఒక లెక్క కాదు. ఎండకి పోయేవి వేరే ఉన్నాయి: పెయింట్ మీద మెరుపు కోసం వేసే పారదర్శక పూత (క్లియర్ కోట్), వైపర్ రబ్బర్లు, డోర్ బీడింగ్‌లు, అన్నిటికంటే ముందు బ్యాటరీ.

మొదట కొన్నది వెండిరంగు వాటర్‌ప్రూఫ్ కవర్. ఎండాకాలం కారుని బాగానే కాపాడింది. నవంబర్ వానలు మొదలయ్యాక తీసి చూస్తే అద్దాలకి లోపలివైపు చెమ్మ, సీట్లకి బూజు వాసన. తర్వాత గాలి ఆడే మూడు పొరల కవర్‌కి మారాను. గట్టి వానకి నీళ్ళు కాస్త దిగుతాయి, కానీ ఎండ రాగానే ఆరిపోతాయి. పొట్ట కింద పట్టీ లేని కవర్ మాత్రం కొనొద్దు. సముద్రపు గాలికి అది రెపరెపలాడుతూ, మధ్యలో చేరిన దుమ్ముతో పెయింట్‌ని గరుకుకాగితంలా గీకుతుంది. ఎంత మంచి కవరైనా ఇక్కడి ఎండకి ఏడాదిలో ఎలాస్టిక్ సాగిపోతుంది. అది ఏటా పెట్టే ఖర్చే అనుకోవాలి.

అసలు విషయం డాంగిల్, అంటే కారు కంప్యూటర్‌లోని అంకెల్ని ఫోన్‌కి పంపే చిన్న పరికరం. డాష్‌బోర్డ్ మీది టెంపరేచర్ ముల్లును నేను నమ్మడం మానేశాను. ఇలాంటి కార్లలో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) సుమారు 75 నుంచి 105 వరకు ఎక్కడున్నా ముల్లు 90 మీదే నిలబడేలా ప్రోగ్రామ్ చేస్తారు, డ్రైవర్‌కి టెన్షన్ ఉండకూడదని. స్టీరింగ్ కింద, మెకానిక్‌లు కారుని పరీక్షించడానికి వాడే ఓబీడీ పోర్టులో బ్లూటూత్ డాంగిల్ పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే అసలు అంకె కనబడుతుంది. నెల్లూరు దారిలో రెడ్‌హిల్స్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని పాకుతుంటే 102, 103. గుమ్మిడిపూండి దాటి రోడ్డు ఖాళీ అయితే మళ్ళీ 90.

ఒక మే నెలలో అదే ట్రాఫిక్‌లో 108 దాకా వెళ్ళడం మొదలైంది. ముల్లు ఎప్పటిలాగే నిటారుగా ఉంది. కూలెంట్ ట్యాంక్‌లో మట్టం కొంచెం కొంచెంగా తగ్గుతోంది. గ్యారేజీలో చూపిస్తే, "టాప్ అప్ చేస్తే చాలు సార్, ఈ కార్లన్నీ తాగుతాయి" అని బోరు నీళ్ళు పట్టుకొచ్చారు. మా ఏరియా బోరు నీటికి కెటిల్ అడుగునే తెల్లటి పొర కడుతుంది, రేడియేటర్‌లో కట్టదా? వద్దని ఇంకోచోటికి తీసుకెళ్ళాను. అక్కడి మెకానిక్ టార్చ్ వేసి చూపించాడు: వాటర్ పంప్, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ అంచున గులాబీ రంగు పొడి, కారిన కూలెంట్ వేడికి ఎండిపోయి. హౌసింగ్ మార్చి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోశాక అంకె మళ్ళీ పాత చోటికే వచ్చింది.

ఇంకో అలవాటు. రాత్రంతా నిలిచిన కారుకి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఒక్కటే ఆన్ చేసి చూస్తే, కూలెంట్, ఇన్‌టేక్ గాలి (ఇంజిన్ లోపలికి పీల్చే గాలి) ఉష్ణోగ్రత అంకెలు రెండూ ఇంచుమించు ఒకటిగా ఉండాలి. తేడా బాగా ఉంటే ముందు సెన్సర్‌ని అనుమానించాలి. మధ్యాహ్నం ఎండలోంచి తీస్తే ఇన్‌టేక్ 60 దాటి చూపిస్తుంది. వేడి గాలికి నాకింగ్ (పెట్రోల్ తనంతట తానే అంటుకుని ఇంజిన్ టకటక కొట్టుకోవడం) రాకుండా కంప్యూటర్ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది కాబట్టి మొదట్లో పికప్ మందంగా ఉంటుంది. కంగారు అక్కర్లేదు. ఇంజిన్ ఆపాక కూడా కాసేపు రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంది. మా వాచ్‌మన్ ఇప్పటికీ నేను తాళం తీయడం మర్చిపోయాననుకుని పరిగెత్తుకొస్తాడు.

డాంగిల్‌తో ఒక చిక్కు ఉంది. కారు ఆపినా ఆ పోర్టుకి కరెంటు వస్తూనే ఉంటుంది. వారాల తరబడి కదలని కారులో దాన్ని వదిలేస్తే బ్యాటరీని పీల్చేస్తుంది. వాడాక ఊడదీయడమే.

పక్కింటి అంకుల్ రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచమంటారు. దానివల్ల నష్టమే. కూలెంట్ త్వరగానే కాగుతుంది గాని ఆయిల్ కాగదు, అందులో చేరిన తేమ, పెట్రోల్ అలాగే ఉండిపోతాయి. రెండు వారాలకోసారి అరగంట ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద తిప్పడం మేలు. వచ్చాక సైలెన్సర్ చల్లారేదాకా కవర్ వేయొద్దు. ఇంకో బెడద, వెచ్చటి బానెట్ కిందికి పందికొక్కులు చేరతాయి. అందరూ చెప్పే పొగాకు కట్ట వాటిని ఆపుతుందని నాకు నమ్మకం లేదు. రాత్రి బానెట్ కాస్త ఎత్తి పెడితేనే నయంగా ఉంది.

ఈమధ్య ఒక ఓనర్ తన కవర్డ్ స్లాట్ అద్దెకిస్తానన్నారు. అది మా ఆవరణలో అన్నిటికంటే పల్లం. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకి అక్కడ నిలిచిన నీళ్ళు చూశాను. వద్దన్నాను.